దానియేలు కిటికీ

ఆమధ్య ఒక ఆదివారం నేను వాక్యం చెబుతుండగా చివరి వరుసలో ఒక కుర్రాడు గాఢంగా నిద్రపోయాడు. పక్కనున్న సంఘపెద్ద అతని భుజం తట్టి లేపి కోపంగా చూశాడు. ఆరాధన ముగిశాక ఆ అబ్బాయి తలదించుకుని నా దగ్గరికొచ్చాడు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. పగలంతా క్లాసులు, ల్యాబు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా బైక్ మీద భోజనం పార్సిళ్లు చేరవేసే పని. రూముకొచ్చి రికార్డులు రాసేసరికి ఒంటిగంట. ‘అమ్మ ఫోన్ చేస్తే తర్వాత మాట్లాడతానంటాను అయ్యగారూ. ఆ తర్వాత అనేది రావడం లేదు. ప్రార్థన సంగతీ అంతే. దేవునికి నామీద కోపమొచ్చి ఉంటుందా?’ అనడిగాడు.

కోపం రాలేదు బాబూ అన్నాను. అలసిపోయి, ఇక చావే మేలనుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). అలసట పాపం కాదు. అయితే అలసటలో మనం దేన్ని వదిలేస్తున్నామన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం.

బైబిల్లో మన విద్యార్థులకు దగ్గరివాడు దానియేలు. క్రీస్తుపూర్వం 605 ప్రాంతంలో చెరపట్టి బబులోనుకు తీసుకెళ్లిన యూదా యువకుల్లో అతనొకడు. పరాయి దేశం, పరాయి భాష, మూడేళ్ల కోర్సు, చివర్లో రాజు ముందు పరీక్ష! ఆ ఒత్తిడిలో అతడు ఏం చేశాడు? రాజభోజనం వద్దనుకున్నప్పుడు గొడవపడలేదు, దొంగచాటుగానూ ఏమీ చేయలేదు. పది రోజులు పరీక్షించి చూడమని తమపై నియమించిన అధికారిని వినయంగా అడిగాడు. మన పిల్లలు చాలామంది అడగరు. పరీక్షల వారం పని తగ్గించమని యజమానినీ, గడువు కాస్త పెంచమని లెక్చరర్‌నూ అడగడానికి మొహమాటపడి, చివరికి అమ్మ ఫోన్‌నూ నిద్రనూ కోసేస్తారు. ఎందుకంటే అవి ఎదురు అడగవు!

రెండోది, దానియేలు ఒంటరిగా మోయలేదు. రాజు కల విషయంలో ప్రాణాపాయం వచ్చినప్పుడు రాజును గడువడిగి, ఇంటికెళ్లి ముగ్గురు స్నేహితులకూ సంగతి చెప్పాడు. నలుగురూ ప్రార్థించాకే జవాబు దొరికింది. మూడోది, అరవై ఏళ్లు దాటాక, 120 మంది అధిపతులపైనున్న ముగ్గురు ప్రధానుల్లో ఒకడయ్యాక కూడా యెరూషలేము వైపు తెరిచిన కిటికీ దగ్గర రోజూ ముమ్మారు మోకరించాడు. అది కొత్తగా మొదలెట్టింది కాదు, అంతకుముందు నుంచీ ఉన్న అలవాటేనని గ్రంథం చెబుతోంది. తీరిక దొరికాక చేద్దామనుకుని ఉంటే రాజ్యభారం మోసే మనిషికి ఆ తీరిక ఎన్నటికీ దొరికేది కాదు. ఆ కిటికీ తెరవడానికి గంటలు అక్కర్లేదు, ఒక వేళ కావాలి, అంతే.

అయితే తప్పంతా ఆ కుర్రాడిదేనా? సరదాకి ఎవరూ అర్ధరాత్రి దాకా బండి నడపరు. ఫీజు కట్టాలి, ఇంటికి ఎంతో కొంత పంపాలి. నిద్రపోయినవాణ్ని కోపంగా చూడడం మనకు తేలిక. ‘రాత్రి భోంచేశావా?’ అని అడిగినవాళ్లెవరు? గోపురాలకు రంగులేయడానికి చందాలెత్తే మనం ఒక విద్యార్థి సెమిస్టర్ ఫీజుకు చేయి కలపలేమా? ఆ రోజు అందరికన్నా ముందుగా ఈ ప్రశ్న నాకే తగిలింది. మూడు నెలలుగా వస్తున్న ఆ అబ్బాయి ఏం పని చేస్తాడో వాడి కాపరినైన నాకే తెలియదు!

ఆ పూట మా ఇంట్లో భోంచేశాక ఆ అబ్బాయి వరండాలోకెళ్లి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ‘ఏం లేదమ్మా, ఊరికే చేశా’ అంటున్నాడు. తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. తిరిగొచ్చినప్పుడు వాడి ముఖంలో కిటికీ తెరుచుకున్నంత వెలుగు.