అంకె పెరిగితే బొమ్మ బాగుపడదు

కోఠిలో మెమరీ కార్డు పట్టుకుని ఏ కొట్టు మెట్టెక్కినా వినబడే మాట ఒకటే: “ఫుల్ హెచ్‌డీలో పెట్టించుకోండి.” గుజరాతీ గల్లీలో అమ్మేవాళ్లూ అదే చెబుతారు, కొనేవాళ్లూ అదే అడుగుతారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లకూ అదే వేదం. చిన్న ప్లేయర్‌లోకో కీప్యాడ్ ఫోన్‌లోకో సినిమా ఎక్కించాలంటే సెట్టింగుల్లో అన్నిటికన్నా పెద్ద అంకె నొక్కాలట. ఈ మాట తప్పు. దీన్ని నమ్మి ఎంతోమంది పెద్దవాళ్లు చూడాల్సిన బొమ్మ చూడలేకపోతున్నారు, వినాల్సిన మాట వినలేకపోతున్నారు.

మా నాన్నకు స్మార్ట్‌ఫోన్ పొసగదు. రెండున్నర అంగుళాలైనా లేని తెరతో కీప్యాడ్ ఫోన్ వాడతాడు. మా చెల్లెలి పెళ్లి డీవీడీ, తను దాచుకున్న పాత సినిమాల వీసీడీలు అందులో పెట్టించమంటే గల్లీలో ఒక కొట్టులో ఇచ్చాను. “ఫుల్ హెచ్‌డీల కొట్టిస్త అన్నా, ఫికర్ చెయ్యకు” అన్నాడు కుర్రాడు. సాయంత్రం ఇంటికొచ్చి నొక్కితే సన్నాయి వినబడింది, తెర మాత్రం నల్లగానే ఉంది. పాత సినిమా అయితే కదిలి ఆగి, మళ్లీ కదిలి ఆగిపోయింది. నాన్న ఫోను చెవికి ఆనించుకుని, “మీ అత్తమ్మ మాట వినొస్తుంది, మనిషే కనపడ్తలేదు” అన్నాడు. మా మేనత్త చనిపోయి నాలుగేళ్లయింది. ఆ పెళ్లి డీవీడీలో తప్ప ఆమె నడిచే బొమ్మ మా దగ్గర ఇంకెక్కడా లేదు.

ఆ తెర మీద అడ్డంగా 320, నిలువుగా 240, మొత్తం 76,800 చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20,73,600 చుక్కలు, అంటే సరిగ్గా 27 రెట్లు. ఒక్క చుక్క చూపించడానికి ఇరవై ఏడు చుక్కల లెక్క విప్పాలి, అదీ సెకనుకు పాతికసార్లు. ఆ చిన్న చిప్‌కు అంత సత్తువ లేదు. అందుకే సినిమా ఆగిఆగి నడిచింది, బ్యాటరీ కూడా గంటలో దిగిపోయింది. పెళ్లి వీడియోను హెచ్.265 అనే కొత్త కోడెక్‌లో, అంటే బొమ్మను కుదించే కొత్త పద్ధతిలో, మార్చారు. దాన్ని విప్పే ఏర్పాటే ఆ ఫోనులో లేదు కనుక శబ్దం వచ్చి బొమ్మ రాలేదు.

పోనీ, అంత చేసినందుకు కొత్తగా వచ్చిందేమిటి? మన వీసీడీలో బొమ్మ కొలత 352, 288 చుక్కలే. డీవీడీ అయినా 720, 576 దాటదు. లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ డిస్కులోంచి తోడి తేలేదు. వీసీడీని ఫుల్ హెచ్‌డీ చేయడమంటే పాలల్లో నీళ్లు పోసి బిందె నిండిందని చెప్పడమే.

బరువు సంగతి కూడా చూడండి. రెండు గంటల నలభై నిమిషాల సినిమా అంటే 9,600 సెకన్లు. బొమ్మకు సెకనుకు 5,000 కిలోబిట్ల బిట్‌రేటు పెడితే ఫైలు 6 జీబీ అవుతుంది. ఇలాంటి ఫోన్లలో వాడే కార్డులు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, 4 జీబీ నిండిన ఫైలును అవి తీసుకోవు. ఇక సినిమాను ముక్కలు చేయాలి. అదే తెరకు సరిపడా 320 కొలతలో 700 కిలోబిట్లు పెడితే శబ్దంతో కలిపి ఒక జీబీలోపే ముగుస్తుంది, ఆగకుండా నడుస్తుంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది శబ్దం విషయంలో జరిగే పిసినారితనం. బొమ్మకు వేల కిలోబిట్లు పోసేవాళ్లు శబ్దాన్ని 64 దగ్గర బిగించేస్తారు. ఈ సినిమాకే దాన్ని 128కి పెంచితే పెరిగే బరువు 77 ఎంబీ. మన సినిమా మాటల మీద బతికే సినిమా. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూసేవాడికి మాట తెలియకపోతే ఇంకేం మిగులుతుంది? 5.1 శబ్దమున్న డీవీడీల్లో సంభాషణ ఎక్కువగా మధ్య చానల్‌లో ఉంటుంది. దాన్ని కలపకుండా కుడి, ఎడమ చానళ్లే తీసుకుంటే వాయిద్యాలు హోరెత్తుతాయి, నటులు గొణుగుతారు. స్టీరియోకు మార్చేటప్పుడు మధ్య చానల్ కలిసిందో లేదో చూసుకోవడం అర నిమిషం పని.

“ఫుల్ స్క్రీన్” మోజు ఇంకొకటి. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పు బొమ్మ 320 చుక్కల తెరలో 136 వరసల ఎత్తే వస్తుంది, పైనా కిందా నల్లపట్టీలు ఉండి తీరతాయి. వాటిని పోగొట్టడానికి పక్కలు కోస్తే నూటికి 43 వంతుల బొమ్మ పోతుంది. నిలువునా సాగదీస్తే మనుషులు కొబ్బరిచెట్లవుతారు. 1957 నాటి ‘మాయాబజార్’ ఈ బుల్లి తెరకు అంచులదాకా అతికినట్టు సరిపోతుంది. దాన్ని వెడల్పు తెర కోసం అడ్డంగా లాగితే, అసలే భారీ మనిషైన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు చదునైపోతాడు.

“మెమరీ చవకే కదా, రేపు టీవీలో చూడాల్సివస్తే?” అంటారు. టీవీకి అసలు డిస్కు ఉంది, దాని నకలు హార్డ్‌డిస్కులో ఉంచుకోండి. చేతిలోకి తీసే నకలు చేతిలోని పరికరం కోసమే. అది కూడా ప్రతిసారీ అసలులోంచే తీయాలి, మార్చినదాన్ని మళ్లీ మారిస్తే ప్రతి మార్పుకూ బొమ్మ అరుగుతుంది.

పెళ్లి డీవీడీని తర్వాత నేనే మార్చాను: 320, 240 కొలత, కోడెక్ హెచ్.264 బేస్‌లైన్, ఫ్రేములు డిస్కులో ఉన్నట్టే పాతిక, శబ్దం 128. పాత క్యామెరా బొమ్మ గనుక కదిలినచోటల్లా దువ్వెన పళ్లలా గీతలు పడేవి, డీఇంటర్లేస్ గుర్తు పెడితే పోయాయి. మా మేనత్త తలంబ్రాల పళ్లెం అందిస్తూ నవ్వడం స్పష్టంగా కనిపించింది.

ఈసారి కోఠి వెళ్లినప్పుడు కార్డు ఒక్కటే ఇచ్చి రాకండి. ఫోను కూడా బల్ల మీద పెట్టండి. తెర కొలత చెప్పి, ఒక్క నిమిషం ముక్క మార్పించి, అక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. మాట తేటగా వినబడి, ముఖం ముఖంలా ఉంటేనే మిగతాది చేయమనండి.