కారు ధర తగ్గింది సరే, మన రాష్ట్రంలో రోడ్డెక్కేసరికి ఎంతవుతుంది?

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు వచ్చినప్పటి నుంచి మన ఇళ్ళలో చిన్న ఎస్‌యూవీ కొనాలన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఏ బండి మంచిదని సంఘంలో కూడా అడుగుతున్నారు. బండి పేరుకంటే ముందు రెండు సంగతులు తేల్చుకోమని మేము చెబుతున్నాం. మీరుండే రాష్ట్రంలో ఆ బండి రోడ్డెక్కేసరికి ఎంతవుతుంది? ఏడాదిలో నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఈ రెండూ కాగితం మీద పెడితే సగం పేర్లు వాటంతటవే తప్పుకుంటాయి.

పన్ను ఎవరికి ఎంత తగ్గింది

పొడవు 4 మీటర్లలోపు ఉండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని కార్లకు ఇప్పుడు జీఎస్టీ 18 శాతం. ఇంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోలుకు 29, డీజిల్‌కు 31 శాతం ఉండేది. అంటే పాత ఎక్స్‌షోరూం ధర మీద పెట్రోలు బండికి సుమారు ఎనిమిదిన్నర శాతం, డీజిల్‌కు దాదాపు పది శాతం తగ్గాలి. టాటా నెక్సాన్, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, స్కోడా కైలాక్ ఈ కోవలోకే వస్తాయి.

పొడవు ఒక్కటే చూస్తే చాలదు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనున్న మారుతి బ్రెజా 4 మీటర్లలోపే ఉంటుంది. కానీ ఇంజను హద్దు దాటింది కాబట్టి దానికి 40 శాతం. అంతకుముందు 45 ఉండేది గనుక తగ్గింపు మూడున్నర శాతం దగ్గరే ఆగింది. క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా వంటి 4 మీటర్లు దాటినవాటికీ 40 శాతమే. విద్యుత్ కార్లకు మాత్రం మునుపటిలాగే 5 శాతం.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది

మనం నాలుగు రాష్ట్రాల్లో, యానాంలో ఉన్నవాళ్ళం. హైదరాబాదులో ఉన్న బావమరిది చెప్పిన ధర మనకు పనికిరాదు. లైఫ్ టాక్స్ రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది.

9 లక్షల 95 వేల ఎక్స్‌షోరూం ధర ఉన్న పెట్రోలు కారు తీసుకుందాం. ఒడిశాలో 8 శాతం, అంటే 79,600 రూపాయలు. మహారాష్ట్రలో 11 శాతం, 1,09,450. తమిళనాడులో 13 శాతం, 1,29,350. కర్ణాటకలో 14 శాతం, 1,39,300, దానిమీద సెస్సు అదనం. ఒకే బండికి బరంపురంలో ఉన్నవారికీ బళ్ళారిలో ఉన్నవారికీ మధ్య 60 వేల రూపాయలకు పైగా తేడా.

అసలు మెలిక 10 లక్షల గీత దగ్గర ఉంది. తమిళనాడులో ధర 10 లక్షలు దాటితే పన్ను 18 శాతం అవుతుంది. 10 లక్షల 5 వేల బండికి 1,80,900 కట్టాలి. ధర పెరిగింది 10 వేలు, పన్ను పెరిగింది 51,550. కర్ణాటకలో ఆ గీత దాటితే 17 శాతం. సన్‌రూఫ్ కోసమో పెద్ద తెర కోసమో పై వేరియంట్‌కు పోయేముందు హోసూరు, చెన్నై, బెంగళూరుల్లోని మనవాళ్ళు ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి. బడ్జెట్లలో ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే వారంలో ఆర్టీఓ దగ్గర మరోసారి సరిచూసుకోండి.

నంబరు ఎక్కడిది?

పన్ను తక్కువన్న పేరుతో యానాం చుట్టాల చిరునామా మీద బండి రాయించమని కొందరు అడుగుతున్నారు. దయచేసి ఒప్పుకోవద్దు. పుదుచ్చేరిలో తప్పుడు చిరునామాలతో ఖరీదైన కార్లు రిజిస్టరు చేయించారని 2017లో కేరళలో కేసులు నడిచాయి. చిరునామా ఇచ్చిన ఇంటివారికీ తలనొప్పే.

నిజంగానే రెండు రాష్ట్రాల మధ్య ఉండేవారికి చట్టం దారి చూపింది. బండిని 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. మొదటి రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి, పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసుకు తిరగాలి. పిల్లలు ప్రభుత్వ ఉద్యోగంలోనో, నాలుగు లేక అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీలోనో ఉంటే 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు అడగవచ్చు. అందులో పన్ను రెండేళ్ళకోసారి కట్టుకుంటే చాలు.

పెట్రోలా, డీజిలా?

ఏడాదికి రెండుసార్లు ఊరికి వెళ్ళేదాన్ని బట్టి ఇంజను ఎంచుకోవద్దు. మిగతా రోజులన్నీ ఆ బండి ఎక్కడ తిరుగుతుందో చూడండి. లీటరు పెట్రోలు 100, డీజిల్ 90 అనుకుందాం. పెట్రోలు బండి 14, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 2 రూపాయల 14 పైసలు మిగులుతుంది. డీజిల్ బండికి పన్నుతో కలిపి లక్షన్నర ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి 70 వేల కిలోమీటర్లు నడపాలి. ఏడాదికి 8 వేలు తిరిగేవారికి దాదాపు తొమ్మిదేళ్ళు. సోలాపూర్ నుంచి హైదరాబాదుకు వ్యాపారం మీద తరచూ వెళ్ళి 20 వేలు తిరిగేవారికి మూడున్నరేళ్ళు.

పైగా బీఎస్6 డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బజారు దాకా వెళ్ళొచ్చే చిన్న తిరుగుళ్ళకు అది త్వరగా మూసుకుపోతుంది. రిటైరైన దంపతులకు మామూలు పెట్రోలు బండే నయం. సాలూరు మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కే జైపూరు, కోరాపుట్ వాళ్ళు మాత్రం నలుగురిని ఎక్కించుకుని ఎత్తులో నడిపి చూసి నిర్ణయించుకోవాలి. సీఎన్‌జీ అనుకునేవారు సిలిండరు పెట్టాక డిక్కీలో సామాను ఎంత పడుతుందో కళ్ళారా చూడాలి.

తగ్గించకూడని ఖర్చు

2023 అక్టోబరు నుంచి మనదేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలు జరుగుతున్నాయి. నెక్సాన్, 3ఎక్స్‌ఓ, కైలాక్, కియా సైరోస్ అందులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. అలాయ్ చక్రాలు వదులుకున్నా పరవాలేదు, ఈ రేటింగు చూడకుండా కొనవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను షోరూముకు తీసుకెళ్ళి వెనక సీటులో ఎక్కించి, దించి చూడండి. ఇంట్లో కూర్చుని బ్రోషరు చూస్తే అది తెలియదు.

అప్పు లెక్క

8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్ళకు ఈఎంఐ సుమారు 16,600, మొత్తం వడ్డీ 1 లక్షా 96 వేలు. ఏడేళ్ళకు సాగదీస్తే ఈఎంఐ 12,870కి దిగుతుంది, వడ్డీ 2 లక్షల 81 వేలకు ఎక్కుతుంది. నెలకు తగ్గిందని సంతోషించి 85 వేలు ఎక్కువ కడతాం. పింఛను మీద బతికే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

కొటేషను రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్స్‌షోరూం ధర, లైఫ్ టాక్స్, బీమా, ఫాస్టాగ్, సామగ్రి వేరువేరు పంక్తుల్లో ఉండాలి. బీమా డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు, బయట ధర అడిగి చూడండి. ఆ కాగితంలో అర్థంకాని పంక్తి ఉంటే అడ్వాన్సు కట్టకముందే సంఘానికి తెండి, కూర్చుని కలిసి చూద్దాం.