కుట్లు మానిన తర్వాత సంగతి

గడ్డల (ఫైబ్రాయిడ్ల) వల్ల ఆపరేషన్‌తో గర్భసంచి తీయించుకుని ఇంటికొచ్చే స్త్రీ చేతిలో ఒక డిశ్చార్జి కాగితం ఉంటుంది. యాంటీబయాటిక్, ఐరన్ మాత్రలు, కుట్లు విప్పే తేదీ, బరువులెత్తొద్దన్న హెచ్చరిక అందులో రాసి ఉంటాయి. దాంపత్యం గురించి ఉంటే గింటే ఒక్క ముక్క: ఆరు వారాలు దూరంగా ఉండాలి. ఏడో వారం సంగతి ఎవరూ చెప్పరు. కలిసినప్పుడు నొప్పి పుడితే ఎవరిని అడగాలి? కోరిక చల్లబడితే అది ఒంట్లో వచ్చిన మార్పా, మనసులో పట్టుకున్న భయమా? వీటికి ఆ కాగితంలో చోటుండదు. రక్తస్రావం ఆగింది, హిమోగ్లోబిన్ పెరిగింది, కనుక ఆపరేషన్ సక్సెస్ అని రాసేసుకుంటున్నాం. ఆ స్త్రీ ఆ తర్వాత ఎలా బతుకుతోందన్నది మన ఆస్పత్రుల లెక్కలోకి రావడం లేదు.

ఇది ఏ కొద్దిమంది బాధో కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తర్వాతి సర్వే 2019-21లో జరిగింది. అప్పటికి దేశ సగటు 3.3 అయితే ఆంధ్రప్రదేశ్ 8.7, తెలంగాణ 8.2. రెండుసార్లూ దేశ సగటుకు రెట్టింపును మించిపోయాం. అన్నిటికీ గడ్డలే కారణం కాదు. అధిక రక్తస్రావమో నొప్పో కారణమని సగానికి పైగా చెప్పారు, గడ్డలని చెప్పినవారు దాదాపు ఐదో వంతు. అయితే ఆ అధిక రక్తస్రావం వెనక కూడా చాలాసార్లు ఉండేది గడ్డలే.

గర్భసంచి తీసేస్తే ఆడతనం పోతుందని, భర్తకు పనికిరామని, లోపలంతా ఖాళీ అయిపోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. చదువుకున్నవాళ్లకూ ఉంది. పరిశోధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. అమెరికాలోని మేరీలాండ్‌లో 1,101 మంది స్త్రీలను ఆపరేషన్‌కు ముందూ, తర్వాత రెండేళ్ల వరకూ అడిగి 1999లో ఫలితాలు ప్రచురించారు. కలయికలో నొప్పి ఉందన్నవారు ముందు 18.6 శాతం ఉంటే రెండేళ్లకు 3.6కు తగ్గారు. కోరిక తక్కువగా ఉందన్నవారు 10.4 నుంచి 6.2కు తగ్గారు. ఇందులో వింతేమీ లేదు. నెలలో పదిహేను రోజులు బట్టలు తడుస్తూ, రక్తహీనతతో నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, పొత్తికడుపులో బరువు మోసే మనిషికి ముందు మాత్రం దాంపత్యం ఎక్కడ మిగిలింది? గర్భాశయ ముఖద్వారం ఉంచేస్తే సుఖం నిలుస్తుందన్న వాదన ఒకటి చాలాకాలం నడిచింది. లండన్ వైద్యులు 279 మంది మీద పరీక్షించి, ఉంచినా తీసినా లైంగిక జీవితంలో తేడా లేదని 2002లో తేల్చారు.

ఈ మంచి వార్తను చదివి ఊరుకుంటే మన దగ్గర పప్పులో కాలేసినట్టే. మేరీలాండ్ అధ్యయనంలో ఉన్నవారు 35-49 ఏళ్లవారు. మన దేశంలో గర్భసంచి తీయించుకున్నవారి మధ్యస్థ వయసు సర్వే లెక్కలో సుమారు 34. అంటే దాదాపు సగం మంది అమెరికా అధ్యయనం మొదలయ్యే వయసుకు ముందే ఆపరేషన్ బల్ల ఎక్కేశారు. సర్వే 49 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ సంఖ్య కొంత తక్కువగా కనిపించవచ్చు. ఎంత సవరించుకున్నా మనవాళ్లది చిన్న వయసే. పైగా ఆపరేషన్‌కు ముందే మానసికంగా కుంగి ఉన్నవారిలో తర్వాత కూడా నొప్పి, పొడిబారడం, కోరిక లేకపోవడం ఎక్కువని అదే అధ్యయనం చెప్పింది. మన దగ్గర ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగర్ చూస్తారు. మనసెలా ఉందని అడిగే గైనకాలజిస్టులు ఎంతమంది?

అసలు చిక్కు అండాశయాల దగ్గర ఉంది. గర్భసంచి తీస్తే నెలసరి, గర్భధారణ ఆగిపోతాయి. కోరికను, యోనిలో తడిని, ఎముకల గట్టిదనాన్ని నిలబెట్టే హార్మోన్లు అండాశయాల నుంచి వస్తాయి. గడ్డలు గర్భసంచివి, అండాశయాలవి కావు. అయినా ‘ఎటూ పొట్ట తెరిచాం కదా’ అని రెండూ తీసేసే అలవాటు ఉంది. ముందుముందు అక్కడ క్యాన్సర్ రాకుండా ఉండాలన్నది దానికి చెప్పే సాకు. కుటుంబంలో ఆ క్యాన్సర్ ఉన్నవారి విషయంలో అది సాకు కాదు, సరైన కారణమే. మిగతావారికి లెక్క తిరగబడుతుంది. అమెరికాలో సుమారు 29 వేల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2009లో వెలువరించిన ఫలితాల్లో, అండాశయాలు తీయించుకున్నవారిలో గుండెజబ్బులు, మొత్తం మరణాలు ఎక్కువగా కనిపించాయి. 32 ఏళ్ల కూలి మనిషికి రెండూ తీసేస్తే పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన మెనోపాజ్ ఆ రాత్రికే వచ్చి కూర్చుంటుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు, కలయిక అంటేనే మంట. ఆమె దాన్ని ‘గర్భసంచి తీశారు కదా, అంతే’ అనుకుంటుంది. భర్త ఆమెకు ఇష్టం లేదనుకుంటాడు. ఇద్దరి మధ్యా మాట ఉండదు. అండాశయాలు ఉంచినా కొందరిలో మెనోపాజ్ కాస్త ముందే రావచ్చు. అయితే రాత్రికి రాత్రి వచ్చిపడేదానికీ దానికీ పోలికే లేదు.

దీనికి మందు లేకపోలేదు. తగినవారికి మెనోపాజ్ సహజంగా వచ్చే వయసు వరకూ హార్మోన్లు ఇవ్వవచ్చు. పొడిబారడానికి ఈస్ట్రోజెన్ క్రీము, జెల్ ఉన్నాయి. వాడాలంటే ముందు చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే ఎవరో ఒకరు అడగాలి.

గర్భసంచి తీయడమే ఏకైక దారి అన్నట్టు మాట్లాడటం మరో తప్పు. బాధ పెట్టని గడ్డను చూస్తూ వదిలేయవచ్చు. మెనోపాజ్ తర్వాత గడ్డలు చాలావరకు కుంచించుకుపోతాయి. రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ పరికరం మిరీనా ఉంది. గడ్డ మాత్రమే తీసే మయోమెక్టమీ, దానికి రక్తం వెళ్లే నాళాన్ని మూసే ఎంబొలైజేషన్ ఉన్నాయి. ఈ రెండింటినీ పోల్చిన బ్రిటన్ అధ్యయనం 2020లో వెలువడింది. రెండేళ్ల తర్వాత జీవన నాణ్యతకు వందకు ఇచ్చిన మార్కులు మయోమెక్టమీ వారికి 84.6, ఎంబొలైజేషన్ వారికి 80. ఆ మార్కులు వేసే ప్రశ్నావళిలో 37 ప్రశ్నలుంటాయి, రెండు లైంగిక జీవితం గురించే. దాన్ని నింపించడం మన ఓపీలో పది నిమిషాల పని. మయోమెక్టమీ తర్వాత గడ్డలు మళ్లీ రావచ్చన్నది నిజం, ఆ సంగతి దాచకూడదు. దాచకూడనిది ఇంకోటి కూడా ఉంది. ‘ఉంచితే క్యాన్సరవుతుంది’ అని భయపెట్టడం శాస్త్రం కాదు, ఫైబ్రాయిడ్లు క్యాన్సర్‌గా మారడం బహు అరుదు.

ఇదంతా చివరికి సంతకం దగ్గరికి వస్తుంది. 44 ఏళ్ల అవివాహిత ఒకామె పరీక్ష కోసం చేసే ల్యాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె ఒప్పుకోలు లేని ఆపరేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. తల్లి సంతకమే పనికిరానప్పుడు, మన ఆస్పత్రుల్లో వరండాలో నిలబడి భర్త పెట్టే సంతకం సంగతేమిటి? అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. రాష్ట్రాలు వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది అందులో భాగం. ఆ కమిటీలు ఎన్ని కేసులో లెక్కపెట్టి ఆగిపోకూడదు. అండాశయాలు ఎందుకు తీశారు, ఆర్నెల్ల తర్వాత ఆమె ఎలా ఉంది అన్న రెండు సంగతులూ ప్రతి కేసులో రాయించాలి. ప్రభుత్వ పథకం డబ్బుతో చేసే ఆపరేషన్లకైనా ఈ నియమం పెడితే అడ్డుచెప్పేవారు ఉండరు.

ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు డాక్టరమ్మను అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని అడగండి, ఆ జవాబు కేసు షీటులో రాయించండి. ఇప్పటికే అయిపోయినవారు ఆ పాత డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. అందులో ఇంగ్లిషులో ‘బీఎస్‌ఓ’ అనే మూడక్షరాలుంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు. అప్పటికి మీకు నలభై అయిదు దాటకపోతే, పైకి ఏ బాధా లేకపోయినా సరే, ఒకసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వీలైతే భర్తను కూడా తీసుకెళ్లండి.