ప్రశ్నలు తయారయ్యే రోజునే పిలవండి

మా తమ్ముడి గురించి ఈ పత్రికలో రాయవచ్చా అని ముందు వాడినే అడిగాను. "పేరు వెయ్యకపోతే రాయి అక్కా" అన్నాడు. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను.

వాడికి స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీ నుంచి ఇద్దరు పిల్లలు పరిశోధన కోసమని మా ఇంటికి వచ్చారు. చేతిలో నాలుగైదు పేజీల ఫారం. చెవిలో మాటలు వినిపిస్తున్నాయా? ఎవరైనా హాని తలపెడుతున్నారని అనిపిస్తుందా? మందులు క్రమంగా వేసుకుంటున్నావా? వాడు లేదు, లేదు, అవును అని చెబుతుంటే వాళ్లు టిక్కులు పెట్టుకున్నారు. తర్వాత నన్ను అడిగారు. "చాలా నయం. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు" అన్నాను. అదీ రాసుకున్నారు.

వాళ్లు వెళ్లాక వాడు నాతో అన్న మాట ఇది: "నువ్వు హాయిగా అన్నావు గానీ, నేను లేవలేకపోతున్నానక్కా." తెల్లవారి అయిదింటికి రైస్ మిల్లులో ఉండాలి. మాత్రల మత్తుకి ఎనిమిది దాకా కళ్లు తెరవలేడు. అంతకు ముందు నెలలోనే పని పోయింది. ఆ సంగతి ఫారంలో ఎక్కడా లేదు, నాకూ తట్టలేదు. మరో రెండు నెలలకి మాకు తెలియకుండా మాత్రలు మానేశాడు. జబ్బు తిరగబెట్టి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పరిశోధనలో మాత్రం వాడు బాగైనవారి లెక్కలోనే ఉండి ఉంటాడు.

వచ్చిన పిల్లలను నేను తప్పు పట్టను. ఎంతో మర్యాదగా మాట్లాడారు. కాగితంలో ఉన్నదే అడిగారు. ఆ కాగితం తయారైన రోజున ఆ మాత్రలు మింగినవాళ్లు ఒక్కరైనా అక్కడ కూర్చుని ఉంటే "పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నావు?" అన్న ప్రశ్న తప్పక పడేది.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. ఇంగ్లండులో డయానా రోజ్ అనే ఆమె మానసిక వ్యాధి వల్ల అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్నారు. 2001లో లండన్ కింగ్స్ కాలేజీలో పరిశోధకురాలిగా చేరారు. మానసిక వైద్యం పొందినవాళ్లే పరిశోధన చేసే బృందం అది. షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లు దాని గురించి ఏమంటున్నారో తెలుసుకోవడానికి వాళ్లు పాత అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని చూశారు. ఆమెకూ ఆ చికిత్స జరిగింది. డాక్టర్లు చేసిన అధ్యయనాలు 26, రోగులు స్వయంగా గానీ రోగులతో కలిసి గానీ చేసినవి 9 దొరికాయి. డాక్టర్లు అడిగినచోట మేలు జరిగిందన్నవాళ్లు ఎక్కువ, రోగులు అడిగినచోట తక్కువ! ఎందుకని చూస్తే, చికిత్స అయిన కొద్ది రోజులకే, ఆసుపత్రిలోనే, వైద్యం చేసిన డాక్టరే నాలుగు ముక్కల్లో అడిగితే సంతృప్తి ఎక్కువగా కనబడుతోంది. జ్ఞాపకశక్తి విషయం మరీ ముఖ్యం. కనీసం మూడో వంతు మంది మరుపు శాశ్వతంగా ఉండిపోయిందని చెప్పారు. నూటికి 80 మందికి పైగా సంతృప్తిగా ఉన్నారనీ, మరుపు లెక్కచేయవలసినంత కాదనీ అప్పటిదాకా రోగులకు ఇస్తూ వచ్చిన సమాచారానికి ఆధారం లేదని 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు.

ఇది చదివి షాక్ ట్రీట్‌మెంట్ అంటే భయపడకండి. తిండీ నీళ్లూ మానేసి, చావే మేలనుకునేంత కుంగుబాటులో అది ప్రాణాలు నిలబెడుతుంది. మన దేశంలో 2017 చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు లేకుండా చేయడం నిషిద్ధం కూడా. మరుపు వచ్చే అవకాశం ఉందని ముందే నిజం చెప్పాలన్నదే ఇక్కడ సంగతి. ఆ నిజం బయటపడడానికి మరుపు వచ్చినవాళ్లే పూనుకోవలసి వచ్చింది.

మనం మాత్రం ఏం చేస్తాం? టోకెన్ పట్టుకుని గంటలకొద్దీ కూర్చుని లోపలికి వెళితే, డాక్టర్ గారు "ఎలా ఉంది?" అంటారు. "బాగుందండి" అంటాం. వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. అసలు బాధ బయట టీ బడ్డీ దగ్గర చెప్పుకుంటాం.

పశ్చిమ గోదావరి పల్లెల్లో 2010ల మధ్యలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు మానసిక ఆరోగ్యంపై ఒక పరిశోధన చేశారు. జబ్బు అనుభవించిన మనిషి తన సంగతి తానే చెప్పుకున్న వీడియో కూడా అందులో భాగంగా చూపించారు. మంచి పనే. అయితే కథ చెప్పించడం ఒకటి, ఏ ప్రశ్న అడగాలో తేల్చేచోట కూర్చోబెట్టడం ఒకటి. 2017 చట్టం మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో జబ్బు అనుభవించినవారికి సభ్యత్వం ఇచ్చింది. పరిశోధన దగ్గరకొచ్చేసరికి ముఖ్యంగా కోరేది రోగి సమ్మతి. సమ్మతి అడిగే వేళకి ప్రశ్నలన్నీ ముందే అచ్చయి ఉంటాయి కదా!

"వాళ్లకి పరిశోధన ఏం తెలుస్తుంది?" అని కొందరంటారు. తెలియనక్కర్లేదు, అది తెలిసినవాళ్లు పక్కనే ఉంటారు. "ఒత్తిడికి జబ్బు తిరగబెడితే?" అన్నది మాత్రం తీసిపారేయవలసిన మాట కాదు. ఒంట్లో బాగాలేని రోజున రాకుండా ఉండే వీలు, మధ్యలో మానుకునే స్వేచ్ఛ ఉండాలి. ఒక్కరినే కూర్చోబెడితే డాక్టర్ల మధ్య నోరు పెగలదు, కనీసం ఇద్దరైనా కావాలి. బస్సు చార్జీ, పోయిన రోజు కూలీ ఇవ్వాలి. రోగి బదులు ఇంటివాళ్లను పిలిస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు. మత్తును హాయి నిద్ర అనుకున్నదాన్ని నేనే.

సంఘంలోని కుటుంబాలకు ఒక మనవి. ప్రార్థన మనవుల్లో షుగరు, గుండె జబ్బు పేరు పెట్టి చెబుతాం. ఈ జబ్బు దగ్గరకొచ్చేసరికి "ఒక కుటుంబ సమస్య" అంటాం. దయ్యమనే వాళ్లు ఇంకా ఉన్నారు. పేరు చెప్పడానికే నోరు రానిచోట, కమిటీలో కూర్చోవడానికి ఎవరు ముందుకొస్తారు?

తమ్ముడు ఇప్పుడు కుదురుగా ఉన్నాడు. మత్తు సంగతి చెప్పాక డాక్టర్ గారు మోతాదూ, మాత్ర వేసుకునే వేళా మార్చారు (మీరు సొంతంగా మార్చకండి). మన ఆసుపత్రిలో అలాంటి కమిటీ పెడితే వస్తావా అని మొన్న అడిగాను. కాసేపు ఆలోచించి, "మీటింగు పది గంటల తర్వాత పెడితే వస్తాను" అన్నాడు.