చెట్లతో సహా కొన్న పొలం

ఉద్యోగ విరమణ దగ్గరపడిన విశ్వాసులు ఈమధ్య మాతో తరచూ చెప్పుకునే కోరిక ఒకటుంది. 'అయ్యగారూ, పట్నంలో ఇక ఉండలేం. నాలుగు చెట్లున్న చోట రెండెకరాలు చూసుకుని, చిన్న ఇల్లు కట్టుకుని, ప్రార్థనలో శేషజీవితం గడపాలనుంది. దేవుడు దారి చూపేలా ప్రార్థించండి' అంటారు. అమరాపురం వైపు ఇలాంటి కోరిక పుట్టడం సహజమే. పాత అనంతపురం జిల్లాలో ఎటు చూసినా ఎర్రటి మెట్ట నేలలే. కర్ణాటక సరిహద్దునున్న ఈ పల్లెల్లో మాత్రం వక్క తోటలు, కొబ్బరి తోటలు కంటికి చల్లగా కనబడతాయి. బెంగళూరు నుంచి కూడా కొనేవాళ్లు వస్తున్నారు. 2017లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం ప్రకటించినప్పటి నుంచి ఈ ప్రాంతంలో భూమి మాటెత్తితే ధర మాటే ముందొస్తోంది.

చెట్ల నీడన ఇల్లు కోరుకోవడం పాపమా? కానే కాదు. ప్రతివాడూ తన ద్రాక్షచెట్టు కింద, తన అంజూరపు చెట్టు కింద భయం లేకుండా కూర్చునే దినాన్ని మీకా ప్రవక్త దేవుని వాగ్దానంగానే చూశాడు (మీకా 4:4). బబులోనులో చెరలో ఉన్నవారికి సైతం ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని యిర్మీయా ఉత్తరం రాశాడు (యిర్మీయా 29:5). కోరికలో దోషం లేదు. అయితే ఆ నేలను ఎవరి దగ్గర, ఏ ధరకు కొంటున్నాం? కొన్నాక దానిమీద ఉన్నవాటిని ఏం చేస్తున్నాం? విశ్వాసికి పరీక్ష ఇక్కడే ఉంది.

పరిశుద్ధ గ్రంథంలో వివరంగా చెప్పిన మొదటి భూమి కొనుగోలు ఆదికాండము 23వ అధ్యాయంలో ఉంది. శారా చనిపోయింది. ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు అడుగు నేల లేదు. ఆ దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. అయినా అబ్రాహాము ఆ వాగ్దానాన్ని అడ్డం పెట్టుకుని ఎవరి పొలంలోనూ కాలుపెట్టలేదు. హేతు కుమారుల ముందు వంగి నమస్కరించి, తాను పరదేశినని ఒప్పుకుని, మక్పేలా గుహను నిండు వెలకు ఇప్పించమని అడిగాడు. ఎఫ్రోను పొలం, గుహ రెండూ ఊరకే ఇస్తానన్నా పుచ్చుకోలేదు. 400 తులముల వెండి అన్న మాట వినబడగానే బేరమాడకుండా, ఊరి గవినిలో అందరూ చూస్తుండగా తూచి ఇచ్చాడు.

ఆ అధ్యాయంలో 17వ వచనాన్ని మనం తరచూ దాటుకుని పోతాం. అబ్రాహాముకు స్థిరపడిన ఆస్తిని అక్కడ ఒక్కొక్కటిగా లెక్కించారు: పొలం, అందులోని గుహ, దాని పొలిమేర లోపల చుట్టూ ఉన్న చెట్లన్నీ. సమాధి కోసం కొన్న నేలలో చెట్ల ప్రస్తావన ఎందుకు? నేలతోపాటు ఆ చెట్లూ ఆయన చేతికి అప్పగింపబడ్డాయి కనుక. మన పాత దస్తావేజుల్లో కూడా నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ అంటూ ఒక వరుస కనిపిస్తుంది. తరువు అంటే చెట్టే. మన పెద్దలు కూడా చెట్టును లెక్కలోకి తీసుకున్నారు. ఇప్పుడు మనం సెంట్లు, ధర, రోడ్డు ఎంత దూరం అన్నవే లెక్కపెడుతున్నాం.

ముందుగా అమ్మేవాడి సంగతి చూద్దాం. ఈ సీమలో భూమి అమ్మేవాడు సంతోషంతో అమ్మడం అరుదు. వేరుశెనగ పంట పోయి ఉంటుంది. వేసిన బోర్లలో నీళ్లు పడక అప్పు మిగిలి ఉంటుంది. ఆసుపత్రి ఖర్చో, కూతురి పెళ్లో మీదకొచ్చి ఉంటుంది. అతని అవసరం చూసి ధర తగ్గించి, ఆ తర్వాత సంఘంలో నిలబడి 'ప్రభువు చౌకగా ఇప్పించాడు' అని సాక్ష్యం చెప్పడం తగునా? అమ్మడంలోనూ కొనడంలోనూ ఒకరినొకరు బాధపెట్టకూడదని లేవీయకాండము 25:14 ఆజ్ఞాపిస్తోంది. చౌకగా దొరికిన ప్రతిదీ దేవుని ఆశీర్వాదం కాదు. కొన్నిసార్లు అది పొరుగువాని కన్నీరు.

ఇంకో సంగతి ఉంది. భూమిలేని పేదలకు సాగుకోసం ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన భూములపై మొదటి లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక అలా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ చేపట్టారు. కాబట్టి మధ్యవర్తి మాట నమ్మి బయానా ఇవ్వకూడదు. అడంగల్, 1-బి, ఇ.సి. చూసుకోవాలి. ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో తహసీల్దారు కార్యాలయంలో, సబ్ రిజిస్ట్రారు దగ్గర అడగాలి. ఇదంతా అవిశ్వాసమని కొందరు అనుకుంటారు. యిర్మీయా అలా అనుకోలేదు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన దినాల్లో, తాను చెరసాల ప్రాకారంలో ఉండి కూడా, అనాతోతు పొలాన్ని తన బంధువు హనమేలు దగ్గర 17 తులముల వెండికి కొన్నాడు. పత్రం రాయించి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేసిన ప్రతిని, తెరిచి ఉన్న ప్రతిని కూడా బారూకుకు అప్పగించి మట్టి కుండలో దాచిపెట్టించాడు (యిర్మీయా 32). ఎంత విశ్వాసమో అంత జాగ్రత్త. పైగా అసైన్డ్ భూమిని తెల్లకాగితం మీద కొంటే నష్టం మనకొక్కరికే కాదు. ఒక పేద కుటుంబానికి ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. అలాంటి కుటుంబాలు మన సంఘాల్లోనే ఎన్నో ఉన్నాయి.

ఇక చెట్ల సంగతి. చెట్లను చూసి ఇష్టపడి పొలం కొంటారు. కొన్న వారానికే జేసీబీ వస్తుంది. వేప, కానుగ, చింత పోయి నేల చదును అవుతుంది. ఆ తర్వాత నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి వరసగా నాటి 'తోట' అంటారు. నీడ కోసం వచ్చినవారే నీడను కొట్టేయడం ఎంత విడ్డూరం! యుద్ధంలో శత్రువు పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా ఫలమిచ్చే చెట్ల మీద గొడ్డలి వేయవద్దని ద్వితీయోపదేశకాండము 20:19 హెచ్చరిస్తోంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం సొంత పొలంలో కూడా చాలా రకాల చెట్లను కొట్టాలంటే అనుమతి తీసుకోమంటోంది. బోరు వేయాలన్నా అంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురిసే సీమ ఇది. ఇక్కడ ఒక చెట్టు పెద్దదవడానికి ఒక తరం పడుతుంది.

ఓపికపట్టినవారికి నేల ఎలా బదులిస్తుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. ధర్మవరం, పెనుకొండల నడుమ చెన్నేకొత్తపల్లి ఉంది. మూడున్నర దశాబ్దాల క్రితం బబ్లు గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు అక్కడ 32 ఎకరాల బీడు నేల కొన్నారు. 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అక్కడే మొదలైంది. ఇది సంఘం నడిపే సంస్థ కాదు. అయినా మనం నేర్చుకోవలసింది ఉంది. వారు కొన్నది అడవి కాదు, అడవి పోయిన నేల. నిప్పు పడకుండా కాపాడారు, వాన నీటిని కట్టలు వేసి ఆపారు, నేలకు సమయమిచ్చారు. మొద్దుల్లోంచి చిగుళ్లు వచ్చాయి, పక్షులు వచ్చాయి. ఆ పని పక్క గ్రామాల ప్రజలతో కలిసి కల్పవల్లి అనే వేల ఎకరాల ఉమ్మడి భూమికి పాకింది.

అయితే కల్పవల్లిలో ఒక చేదు అనుభవమూ ఉంది. ప్రజలు ఏళ్ల తరబడి కాపాడి అడవిగా మార్చిన ఆ నేల రెవెన్యూ లెక్కల్లో బంజరుగానే ఉండిపోయింది. తర్వాత అక్కడ గాలిమరలు వచ్చాయి. వాటి కోసం వేసిన రోడ్లకు చెట్లు, కొండవాలు దెబ్బతిన్నాయని గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కాగితం మీద లేని చెట్టుకు కాపు లేకుండా పోయింది. మక్పేలా పత్రంలో చెట్లను ఎందుకు లెక్కించారో ఇక్కడ బాగా అర్థమవుతుంది.

'ఇన్ని చూస్తూ కూర్చుంటే పొలం దొరకదు, చెట్లన్నీ ఉంచితే ఇల్లెక్కడ కట్టాలి?' అని అడిగేవారుంటారు. నిజమే, ఇంటికి కొంత చోటు కావాలి. రెండెకరాల్లో ఇంటికి కావలసింది కొన్ని సెంట్లు. మిగిలిన నేలను దున్నించాలన్న తొందర మనదే, ఇంటిది కాదు. ఇక పొలం ఆలస్యంగా దొరికితే దొరకనివ్వండి. గింజ నాటి ఫలం కోసం ఎదురుచూసే వ్యవసాయకుని ఓర్పును యాకోబు మనకు మాదిరిగా చూపించాడు (యాకోబు 5:7).

సంఘ కాపరులుగా మా బాధ్యత కూడా ఉంది. భూమి కొన్నవారు స్థలంలో ప్రార్థన చేయమని మమ్మల్ని పిలుస్తారు. కానుకా ఇస్తారు. ప్రార్థన మొదలుపెట్టే ముందు మేం మూడు ప్రశ్నలు అడగడం మంచిదని మా అభిప్రాయం. అమ్మినవాడికి న్యాయమైన వెల ముట్టిందా? అతని కుటుంబం, పొరుగు రైతులు ఈ కొనుగోలును సమ్మతించారా, దారీ గట్టూ ఎవరివి వారికి ఉన్నాయా? ఈ పొలంలోని చెట్లను ఏం చేయబోతున్నారు? నాబోతు ద్రాక్షతోటను అహాబు చేజిక్కించుకున్నప్పుడు కాగితాలన్నీ రాజముద్రతోనే ఉన్నాయి. దేవుడు మాత్రం ఏలీయాను ఆ తోటలోకే పంపాడు (1 రాజులు 21). తప్పుగా సంపాదించిన నేల మీద మా ప్రార్థన ముద్ర వేయడం సేవ అనిపించుకోదు. మా సంఘ ఆవరణల్లో, మిషన్ కాంపౌండ్లలో చెట్లు కొట్టేటప్పుడు కూడా ఇదే ప్రశ్న మమ్మల్ని మేము వేసుకోవాలి.

భూమి నాదే, మీరు నా యొద్ద కాపురమున్న పరదేశులే అన్న భావం లేవీయకాండము 25:23లో ఉంది. అంతటి వాగ్దానం పొందిన అబ్రాహాము తన సొమ్ముతో కొన్నది ఒక్క పొలమే, అదీ సమాధి కోసమే. తాను మాత్రం కడవరకూ గుడారాల్లోనే నివసించాడు (హెబ్రీ 11:9). మనం కొనే రెండెకరాల్లో మన పేరు పట్టాదారు పాసుపుస్తకంలో కొన్నేళ్లే ఉంటుంది. ఆ గట్టున ఉన్న చింతచెట్టు మన మనవళ్లనూ, పక్క పొలం కూలీలనూ చూస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆగిన బాటసారి ఆ నీడన కూర్చుని, ఈ పొలం ఎవరిదో మంచివాళ్లది అనుకుంటే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.