పూసలోని చౌడు

మన పట్టాభిరామ్ మీదుగా పోయే రైలు దారి పట్టి అరక్కోణం, తిరుత్తణి దాటితే రేణిగుంట వస్తుంది గదా! ఆ దాపునే పాపానాయుడుపేట అనే వూరున్నది. కరిగిన గాజుముద్దను బోలుగా తీర్చి, సన్నని గొట్టంగా లాగి, ముక్కలు చేసి, మళ్ళీ వేడిచేసి గుండ్రని పూసలు తయారుచేయటంలో ఆ వూరివారు పేరుపొందారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో సుమారు 2000 ఏళ్ళనాడు పూసలు చేసిన పద్ధతి ఇదేనని అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వ్రాశారు.

గాజు అలా సాగటానికి మూలము క్షారము. ఉత్త ఇసుక కరగాలంటే సుమారు 1700 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావాలి. అందులో నాలుగోవంతు సోడా వుంటే 800 డిగ్రీల దగ్గరే కరగనారంభిస్తుంది. పూర్వం బట్టలుతికిన చౌడుమన్నులో వున్నదీ సోడాయే. దక్షిణదేశపు పాత పూసలలో చాలావాటికి చౌడు కలిసిన ఇసుకే ఆధారమని రసాయన పరీక్షలు తెలుపుతున్నవి.

అయితే ఈ మేలుకు వెల వున్నది. ఇసుకలోని అణువులు వలముళ్ళవలె బిగిసి వుంటవి. సోడా ఆ ముళ్ళను సడలిస్తుంది. అందువల్ల గాజు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, తేమకు లొంగుతుంది. సున్నము చేర్చకపోతే నీళ్ళలోనే కరిగిపోవచ్చు. కిటికీ అద్దంలో నూటికి సుమారు 72 పాళ్ళు ఇసుక, 14 సోడా, 10 సున్నము వుండటం ఇందుకే. ప్రయోగశాల పాత్రలలో క్షారాన్ని 4 పాళ్ళకు తగ్గించి బోరాన్ ఆక్సైడు కలుపుతారు. అవి మామూలు గాజులో మూడోవంతు మాత్రమే వ్యాకోచిస్తవి.

సోడా, పొటాషు రెండూ కలిస్తే మరొక చిక్కు. అటువంటి గాజుతో చేసిన ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో వుంచి, పిదప మంచులో పెడితే సున్నకు దిగువ చూపేది. జర్మనీలో వెబర్ 1883లో ఈ కారణాన్ని వెల్లడించారు. తరువాత ఆట్టో షాట్ సోడా ఒక్కటే వాడిన గాజుతో ఆ లోపాన్ని బాగా తగ్గించారు.

ఇక మన ఇంటి మాట. అమ్మమ్మనాటి పూసలదండ ఏ పెట్టెలోనో వుంటే తీసి చూడండి. పూసలు జిగటగా చెమర్చినా, పైన తెల్లని పొర కట్టినా, గాజులోని క్షారము తేమకు వెలికి వస్తున్నదన్నమాట. నీళ్ళలో నానబెట్టకండి, పొడి మెత్తని గుడ్డతో తుడిచి, తేమ తగలని చోట దాచండి. మనుమరాళ్ళ మెడలో అది మళ్ళీ మెరవాలని మా కోరిక.