జలపాతానికి దారి ఉప్పల్ మీదుగానే

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్లు బస్సు కొరకు నిలబడేవారిలో ఎందరు గమనించారో తెలియదు గాని, మన ముందునుంచి సాగిపోయే ఆ 163వ నంబరు జాతీయ రహదారి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగుల మీదుగా ఏటూరునాగారం చేరి, గోదావరి వంతెన దాటి, వాజేడు మండలంలోని బొగత జలపాతం సమీపానికి మనలను కొనిపోతుంది. వంతెన లేని రోజులలో భద్రాచలం మీదుగా చుట్టి వెళ్లవలసి వచ్చేది. నేడు 250 కిలోమీటర్లకు పైబడిన దూరమే అయినా, దారి దాదాపు ఒక్కటే.

ఉర్దూ విభాగపు సోదరీమణులు జలపాతాన్ని ఆబ్‌షార్ అంటారు. ఆ మాటను పాఠంలో చదివి, దాని అర్థాన్ని పరీక్షలో వ్రాసి, ఒక్క ఆబ్‌షార్‌నైనా కన్నులారా చూడకుండానే పట్టా పుచ్చుకొని వెళ్లిపోయే విద్యార్థినులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. వారెరిగిన నీరు ఏది? రోజు విడిచి రోజు కుళాయిలో వచ్చే నీరు, గుర్రపుడెక్క కమ్మిన చెరువు నీరు, నాగోలు వంతెన క్రింద నురుగు కక్కే మూసీ నీరు. నాచారం పారిశ్రామికవాడలో తండ్రులు షిఫ్టులలో పనిచేసే మావంటి కుటుంబాలలో ప్రయాణమంటే పెళ్లికో చావుకో ఊరికి పోవడమే. విహారయాత్ర అనే మాట కళాశాల నోటనే వినవలసినది.

ఆ ప్రసక్తి వచ్చినప్పుడల్లా కమిటీ పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది? ఇది అన్యాయమైన ప్రశ్న కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో రాళ్లపై నిలిచి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, లార్జీ ఆనకట్ట నుంచి విడుదలైన నీటిలో కొట్టుకొనిపోయారు. అది కళాశాల యాత్రయే. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని తలచుకొన్న ఏ కమిటీ అయినా జంకుతుంది.

అయితే, జంకి యాత్రలను మాన్పించినందువలన ప్రయాణాలు ఆగినవా? యేటా శ్రావణమాసం రాగానే మన అబ్బాయిలు ముగ్గురు నలుగురు కలిసి, ఇంట్లో చెప్పకుండా, అర్ధరాత్రి మోటారు సైకిళ్లపై బయలుదేరుతూనే ఉన్నారు. మా పెదనాన్నగారి అబ్బాయి నిరుడు ఆ విధంగా పోయి, నాచుపట్టిన బండపై జారి, చేతికి పిండికట్టుతో తిరిగివచ్చాడు. కళాశాల మెట్లమీద పడ్డానని ఇంట్లో చెప్పాడు, వారు నమ్మారు! నిషేధం అతనిని ఆపలేదు, నన్ను ఆపింది. ఇక్కడనే నా అభ్యంతరం.

తెలియకపోవడమే జలపాతం దగ్గర అసలు ప్రమాదం. మన తలపై ఎండ కాస్తున్నా, ఎగువ అడవిలో వాన కురిస్తే వాగు క్షణాలలో పొంగుతుంది. 2023 జూలై 26న అదే ములుగు జిల్లాలోని ముత్యాలధార చూడబోయిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకొనగా, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంవారు బయటకు తెచ్చారు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొని వచ్చినా, వెంటనే ఒడ్డు విడిచి పైకి పోవాలి. ధార పడే మడుగు పైకి నిశ్చలంగా కనిపించినా లోతు అంతుపట్టదు. బొగత వద్ద ఉధృతి పెరిగినప్పుడు అటవీశాఖవారు సందర్శకులను ఆపుతారు. ఆ మాటను మోటారు సైకిలుపై వచ్చిన కుర్రవాడు లెక్కచేయడు. బస్సులో వెంట వచ్చిన అధ్యాపకుడు చెబితే వింటాడు.

కనుక నా మనవి ఇది. వరదల కాలంలో కాక, దసరా సెలవులు ముగిసిన పిమ్మట బొగతకు యాత్ర ఏర్పాటు చేయండి. అప్పటికి ధార కొంత సన్నగిల్లినా చూడముచ్చటగానే ఉంటుంది. (దీనిని తెలంగాణ నయాగరా అంటున్నారు. కోయవారు తరతరాలుగా ఎరిగిన ధారకు అమెరికానుంచి పేరు అరువు తేవడం నాకు రుచించదు.) ఎవరూ నీటిలోకి దిగరాదన్న షరతుకు సంతకం చేయించుకోండి. దారిలో పాలంపేటకు మళ్లితే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిని చరిత్ర విద్యార్థులు చూడవచ్చును. ఖర్చును నెలనెలా కొద్దికొద్దిగా వసూలు చేస్తే ఎవరికీ భారం కాదు.

చిక్కంతా రాత్రి బసతోనే. ఒక్కరోజులో పోయి రావడం కుదరదు, ఆడపిల్లను రాత్రి బయట ఉంచడానికి మా ఇళ్లలో ఒప్పుకోరు. అధ్యాపకురాండ్రతోపాటు నలుగురైదుగురు తల్లులను కూడా వెంట రానిస్తే, హనుమకొండలో ఒక రాత్రి గడపడం అంత కష్టమేమీ కాదు. ఈ వ్యాసం వ్రాస్తున్నానని చెప్పగా, ఇన్నేండ్లుగా నాచారం దాటి ఏ వాగునూ చూడని మా అమ్మ, ఆ బస్సులో తనకొక సీటు ఉంచమన్నది.